సత్యవతి టీచరు వల మోసిన రోజు

మొన్న ఆదివారం పొద్దున్న మా అపార్టుమెంటు మెట్ల మీద తడి గంప వాసన వచ్చింది. చేపలమ్మే ఆవిడ మూడో అంతస్తు దాకా ఎక్కి దిగినట్టుంది. ఎదురింటాయన తలుపు తీసి, ముక్కు మూసుకుని, సెంటు డబ్బా పట్టుకుని మెట్లన్నిటికీ కొట్టడం మొదలుపెట్టాడు. "వీళ్ళని గేటు దగ్గరే ఆపేయమని మీటింగులో చెప్పాను కదండీ," అన్నాడు నన్ను చూసి. వాళ్ళింట్లో వంజరం వేపుడు లేని ఆదివారం ఉండదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "తినేటప్పుడు లేని కంపు అమ్మేటప్పుడు ఎక్కణ్ణించి వచ్చిందండీ?" అన్నాను. కింద వాచ్‌మన్‌ కూడా తలెత్తి చూశాడు. అరవైకి దగ్గరపడిన ఆడమనిషికి ఇంత నోరేమిటని ఆయన అనుకునే ఉంటాడు. అనుకోనీ. నా నోరు నాకు ఊరికే రాలేదు, ఒకావిడ దగ్గర నేర్చుకున్నాను.

ఆవిడ సత్యవతి టీచరు. డెబ్బైల్లో నేను అయిదో తరగతి చదివిన బడిలో డ్రిల్లు టీచరు. పరవాడ వైపు వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి వచ్చింది. నేత చీర, కాళ్ళకి కాన్వాసు బూట్లు, మెడలో పుస్తెలతాడు పక్కనే ఈలతాడు. మనిషి పొట్టి, కోపం పొడుగు. బంతి వంక చూడకుండా ఆకాశం వంక చూసేవాడి వీపు మీద ఆ ఈలతాడు చెళ్ళుమనేది. దేవత అని చెప్పను, నా వీపుకి కూడా ఆ తాడు తెలుసు. మా నాన్న పోర్టులో క్రేన్ దగ్గర ఖలాసీ. బడి సముద్రానికి దగ్గర, అందుకని క్లాసులో సగం మంది మాలాంటి వాళ్ళం, సగం మంది జాలరిపేట పిల్లలు. ఎవరి బెంచీలు వాళ్ళవి. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, అలా కూర్చోవద్దని కూడా ఎవరూ చెప్పలేదు. ఆ రెండో మాట అనాల్సిన పెద్దమనుషులందరి మీదా నాకు ఇప్పటికీ కోపమే.

ఆ ఏడాది టీచరు మాకు వాలీబాల్ టోర్నమెంటు పెడతానంది. మాకెవరికీ ఆట రాదు. బంతి మీదకొస్తే తల కప్పుకుని కూర్చునేవాళ్ళం. అందుకని రూల్స్ మార్చేసింది. బంతిని కొట్టక్కర్లేదు, పట్టుకుని విసరొచ్చు. ఒకసారి నేల మీద పడినా తప్పు లేదు. పాయింటు అవగానే అందరూ ఒక్కో చోటు జరగాలి. ఒక్క విషయంలో మాత్రం కచ్చితం: బంతి అవతలికి వెళ్ళేలోపు ముగ్గురు వేరువేరు పిల్లల చేతులు తాకాలి. నాలుగు జట్లు చేసి ఓడ, క్రేను, తెప్ప, లంగరు అని పేర్లు పెట్టింది. నేను క్రేను జట్టుకి కెప్టెన్ని. మొదటి రోజు బంతి దొరగ్గానే నేనే విసిరేశాను. ఈల మోగింది. "ఒసే పద్దా, బంతి నీ ఒక్కదాని సొత్తేటే? మిగతా అయిదుగురూ ఏటి సెయ్యాలి, నీకు సప్పట్లు కొట్టాలా?" అంది.

అంతా కుదిరింది గానీ బడికి నెట్టు లేదు. హెడ్మాస్టారు కొనిపెట్టడు. మా జట్టులోనే ఉన్న జాలరిపేట పిల్ల పోలమ్మ లేచి నిలబడింది. క్లాసులో అంతవరకూ దాని గొంతు ఎలా ఉంటుందో కూడా మాకు తెలియదు. "మా అయ్యనడిగి పాత వల తెత్తాను టీచర్," అంది. మర్నాడు వాళ్ళ నాన్న నూకరాజు వల భుజాన వేసుకొచ్చి, రెండు కర్రలు పాతి, మా ఎత్తుకి సరిపడా కట్టి వెళ్ళాడు. వెళ్తూ రెండు మాటలు కూతురితో చెప్పించాడు. పోలమ్మ అందరి ముందూ నిలబడి చెప్పింది: "వల కాడికొచ్చినోలు సెప్పులిప్పాలంట. వల మీద కాలు పడకూడదంట. అది మాకు గంగమ్మ తల్లి."

టీచరు వెంటనే బూట్లు విప్పి గోడ పక్కన పెట్టింది. క్లాసులో చెప్పులున్నది నలుగురికే. నావి కొత్తవి, పూర్ణా మార్కెట్టులో నాన్న కొన్నవి, అందరూ చూడాలనే వేసుకొచ్చినవి. పోలమ్మ నా కాళ్ళ వంక చూసి, "పద్దా, సెప్పులు," అంది. అంతే అంది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. వెనక బెంచీలో కూర్చునే పిల్ల నన్ను చెప్పులు విప్పమనడమేమిటి! విప్పాను గానీ లోపల ఉడికిపోయాను.

రెండు వారాల్లో పోలమ్మ మారిపోయింది. బంతి వలకి తగిలితే మాకంటే ముందు దాని చెవికి తెలిసేది. "తాకింది!" అని అరిస్తే టీచరు కూడా ఎదురు చెప్పేది కాదు. మా జట్టు ఫైనలుకి వచ్చింది. శుక్రవారం ఫైనలు, అదే రోజు బడి చూడటానికి పై ఆఫీసరు వస్తాడన్నారు. గురువారం నీళ్ళ కుండ దగ్గర హెడ్మాస్టారు కనిపిస్తే వెళ్ళి చెప్పాను. ఎవరూ అడగలేదు, నా అంతట నేనే వెళ్ళాను. "సార్, ఆ వల కంపు కొడతంది సార్. ఆఫీసరు గారొత్తే బాగోదు సార్." ఆయన నా తల నిమిరాడు.

శుక్రవారం వచ్చేసరికి వల లేదు. కర్రల మధ్య కొబ్బరితాడు కట్టి ఉంది. వల మరుగుదొడ్ల వెనక చెత్తకుప్ప మీద పడి ఉంది. అటు వెళ్ళే పిల్లలందరూ దాన్ని తొక్కుకుంటూ వెళ్తున్నారు. పోలమ్మ అక్కడ నిలబడి చూసింది. ఏడవలేదు. పలక కూడా తీసుకోకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.

సత్యవతి టీచరు ఆఫీసరు ముందే హెడ్మాస్టారి మీద విరుచుకుపడింది. "పరువు కోసం తీయించానమ్మా. ఇది బడా, చేపల బజారా?" అన్నాడాయన. "ఆళ్ళింట్లో దేవుడి లాంటిది సార్ అది! మీ పూజగదిలో పటం తీసుకెళ్ళి దొడ్డి కాడ పారేత్తే మీరూరుకుంతారా?" అంది. ఆఫీసరు గోలీసోడా తాగుతూ గోడ మీద మ్యాపు చూస్తున్నాడు. ఆ మ్యాపు అంత బాగుందా అని అడగాలని ఈ వయసులో కూడా అనిపిస్తుంది. టీచరు బయటికొచ్చి, ఫైనలు లేదని చెప్పి, చెత్తకుప్ప మీంచి వల ఎత్తి నెత్తిన పెట్టుకుంది. "పద్దా, కెప్టెన్‌వి నువ్వే గదా. ఆ కొస నేల మీద పడకుండా పట్టుకో," అంది.

మిట్టమధ్యాహ్నం, ఇద్దరం ఉత్తకాళ్ళతో జాలరిపేట ఇసకలో నడిచాం. నూకరాజు పడవ నీడన కూర్చుని ఉన్నవాడు గబుక్కున లేచాడు. "మీరు మొయ్యడమేటి టీచరమ్మా? దించీండి."

"తప్పయిపోనాది నూకరాజూ."

"మీరు తొక్కలేదు గదమ్మా."

"నా ఆటకని ఇచ్చావు. నా బడిలో తొక్కారు. నాను తొక్కినట్టే."

అతను వల అందుకుని కళ్ళకద్దుకున్నాడు. సముద్రంలో ముంచి, పసుపు నీళ్ళు చల్లించాడు. మాకు తాగడానికి మజ్జిగ ఇప్పించాడు. ఒక్క గట్టి మాట అనలేదు. పోలమ్మని బడికి పంపించమని టీచరు అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపాడు. "వలైతే కడుక్కుంటే సుద్దయిపోద్దమ్మా. పిల్ల మనసునేటి సేత్తాం? రానంతంది. అమ్మతో గంపెట్టుకుని ఎల్తాదంట." పోలమ్మ పడవ అవతల కూర్చునే ఉంది. దాని పాదాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. అది ఇవతలికి రాలేదు, నేను అవతలికి వెళ్ళలేదు.

తరవాత టీచరు నాలుగుసార్లు వెళ్ళింది. పోలమ్మ రాలేదు. చదువు అయిదో తరగతి దగ్గరే ఆగిపోయింది. పై ఆఫీసరు ముందు నోరు చేసుకున్నందుకు దసరా సెలవుల తరవాత టీచరుని దూరం బదిలీ చేశారు. హెడ్మాస్టారు మర్యాదగా రిటైరయ్యాడు, దండలు కూడా వేశారు. నేనూ డ్రిల్లు టీచరునే అయ్యాను. కూర్మన్నపాలెం దగ్గర బడిలో ముప్ఫై ఏళ్ళు చేశాను. ముగ్గురి చేతులు తాకని బంతికి ఏనాడూ పాయింటు ఇవ్వలేదు. వెనక్కి తోసిన పిల్లల కోసం ఎంత మంది హెడ్మాస్టర్లతో తగువు పడ్డానో లెక్క లేదు. సత్యవతి టీచరు పోలికలే వచ్చాయని నన్నెరిగిన పాతవాళ్ళు అంటుంటారు. ఆ మాట వింటే నాకు సిగ్గుగా ఉంటుంది, ఆవిడ మీద కోపం కూడా వస్తుంది.

ఎందుకంటే ఆ మధ్యాహ్నం తిరిగొస్తున్నప్పుడు ఆవిడ దారిలో ఆగింది. నా మొహంలోకి చూసి, "హెడ్మాస్టారికి నువ్వేటైనా సెప్పావేటే?" అని అడిగింది. "నాను కాదు టీచర్," అన్నాను. ఈలతాడు మెడలోనే ఉంది. తియ్యలేదు. "సర్లే, కాళ్ళు కాల్తన్నాయి, నడు," అంది. ఒక్క దెబ్బ కొట్టొచ్చు కదా. ఇంకొక్కసారి అడగొచ్చు కదా. రెండోసారి అడిగి ఉంటే చెప్పేసేదాన్ని, వెనక్కి పరిగెత్తి పోలమ్మ చెయ్యి పట్టుకునేదాన్నేమో కూడా. ఆవిడ అడగలేదు. బదిలీ అయ్యే రోజున అందరితో పాటు నా తల కూడా నిమిరి వెళ్ళిపోయింది.

నానే సెప్పాను టీచర్.