పెట్టె ఎక్కాకే పాప ఎక్కింది

1997 ఏప్రిల్‌లో నాకు డ్యూటీ ఆఫీసరుగా ప్రమోషన్ వచ్చింది. చోటు చెన్నై మీనంబాక్కం దేశీయ టెర్మినల్, ఉదయం షిఫ్టు. నేను పనిచేసింది ఒక ప్రైవేటు విమాన సంస్థలో. పేరు ఇక్కడ అనవసరం. డ్యూటీ ఆఫీసరంటే పెద్ద హోదా ఏమీ కాదు. కౌంటర్‌లో బోర్డింగ్ పాసు చేతిలో పెట్టిన దగ్గరి నుంచి విమానం తలుపు మూసేదాకా ప్రయాణికుల మంచిచెడ్డలు ఆ షిఫ్టులో మా నెత్తిన ఉంటాయి. తలుపు లోపల చివరి మాట కమాండర్‌ది, అంటే విమానం నడిపే పెద్ద పైలట్‌ది. మా పైన స్టేషన్ మేనేజర్ ఉంటారు. అప్పటి మేనేజరును ఇక్కడ సంపత్ గారు అని పిలుస్తాను.

నాకు నోరెక్కువని చింతాద్రిపేటలో మా అమ్మ చిన్నప్పటి నుంచీ అనేది. ఉద్యోగంలో ఆ మాట ఒకసారి కాగితం మీదికి కూడా ఎక్కింది. అది ఎందుకు ఎక్కిందో చెప్పాలంటే ముందు ఆ రోజుల్లో మేము పెట్టెలు ఎలా ఎక్కించేవాళ్లమో చెప్పాలి.

ఇప్పటివాళ్లకు వింతగా ఉంటుంది. కౌంటర్‌లో తూచి ఇచ్చేసిన పెట్టె అప్పట్లో నేరుగా విమానంలోకి వెళ్లేది కాదు. విమానం పక్కన, సిమెంటు నేల మీద, అందరి పెట్టెలూ వరసగా పేర్చేవాళ్లం. ప్రయాణికులు బస్సు దిగి, ఎవరి పెట్టె వాళ్లు వేలు పెట్టి చూపించాలి. చూపించిన దాని మీద మా మనిషి సుద్దతో గీత గీస్తాడు. గీత పడ్డ పెట్టెనే లోడర్లు అడుగున ఉన్న సామాను అరలోకి ఎత్తుతారు. ఎవరూ చూపించని పెట్టె ఉందంటే దాన్ని బాంబు కిందే లెక్కగట్టి పక్కన పెట్టేస్తాం. ఎండలో ఈ తతంగమంతా ప్రయాణికులకు పరమ చిరాకు. ఆ చిరాకు తప్పించడం మా చేతిలో ఉన్న అతి పెద్ద మర్యాద. ముసలివాళ్లకో, తెలిసినవాళ్లకో అయితే కౌంటర్‌లో ఇచ్చిన ట్యాగు ముక్క తీసుకుని వాళ్ల బదులు మేమే పెట్టె చూపించేవాళ్లం.

జూలైలో ఒక శుక్రవారం పొద్దున ఢిల్లీ విమానానికి చెన్నైలోనే ఉన్న చూలై పేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి దామోదరం, ఇంటి ముందు గదిలో లేత్ పట్టడా, అంటే లోహపు ముక్కలు చెక్కే చిన్న కార్ఖానా, నడిపేవాడు. తల్లి లోకేశ్వరి. తరాల క్రితం వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు. ఎనిమిదేళ్ల పాప, పేరు హేమ. పాప ఎవరి మొహమూ చూడటం లేదు. తమ ఆకుపచ్చ సూట్‌కేసు పిడి పట్టుకుని నిలబడింది. ఆ పిడి కంపెనీది కాదు, తండ్రి లేత్ మీద తిప్పి బిగించిన స్టీలు పిడి, అద్దంలా ఉంది. వాళ్ల దగ్గర ఒక డాక్టరు ఉత్తరం ఉంది. అందులో ఆటిజం అని ఉంది. ఆ మాట నేను చూడటం అదే మొదటిసారి.

ఢిల్లీలో ఒక చిన్న బడి ఉందట. తల్లినీ బిడ్డనూ కలిపి మూడు నెలలు కూర్చోబెట్టి నేర్పుతారట. అటువంటిది మన వైపు వాళ్లకు ఎక్కడా దొరకలేదు. సోమవారం పొద్దున హాజరు కాకపోతే ఆ చోటు వరసలో తర్వాతి వాళ్లకు పోతుంది. అంతకుముందు ఒకసారి రైల్లో బయలుదేరితే, పాప ఏడుపుకు బోగీలో జనం గోల చేసి సగం దారిలో దించేశారట. అందుకని అప్పో సప్పో చేసి విమానం టికెట్లు కొన్నారు.

నాకు జాలి కలిగింది. జాలి కలిగినప్పుడు మనం ఎదుటివాళ్ల మాట వినం. లోకేశ్వరి కౌంటర్ మీదికి వంగి ఏదో అడగబోయింది. నేను మధ్యలోనే ఆపి, మీరేమీ కంగారు పడకండి, అన్నీ నేను చూసుకుంటానని చెప్పాను. చెప్పినట్టే చూసుకున్నాను. అందరికంటే ముందు వాళ్లను వేరే బండిలో విమానం దగ్గరికి పంపాను. ట్యాగు ముక్క తీసుకుని, ఎండలో పాప ఎందుకు, పెట్టె నేను చూపిస్తానన్నాను. రెండు మర్యాదలూ ఒకేసారి చేసేశానని నాలో నేనే మురిసిపోయాను.

వాళ్లు ఖాళీ విమానంలో, కిటికీ పక్కన కూర్చున్నారు. ఇంజను తిరిగేదాకా చల్లగాలి సరిగా రాదు. తర్వాత మూడు బస్సుల జనం ఒకరి వెనక ఒకరు, భుజాలు తగిలిస్తూ, తల మీది అరలు దబదబా మూస్తూ ఎక్కారు. పావుగంట గడిచేసరికి పాప కేక బయట నా వరకూ వినిపించింది. నేను మెట్లెక్కి వెళ్లేసరికి పాప కిటికీ అద్దాన్ని నుదుటితో కొడుతోంది. ముందు వరసలో ఒక పెద్దమనిషి, ఇలాంటి వాళ్లను ఎందుకు ఎక్కిస్తారని గట్టిగానే అన్నాడు. కమాండర్ నన్ను పిలిచి, దించెయ్యమన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. దింపుడు స్లిప్పు మీద నా చేత్తోనే సంతకం పెట్టాను.

మనిషి దిగితే పెట్టె కూడా దిగాలి, అది రూలు. కేక విని పైకి వెళ్లబోతూ నేను వాళ్ల ఆకుపచ్చ పెట్టె చూపించాను, తర్వాత దాని మీద ఆఖరి బస్సువాళ్ల సామాను పడింది. ఆ ఒక్క పెట్టె కోసం అరలోని సామాను సగం బయటికి లాగించాల్సి వచ్చింది. విమానం నలభై నిమిషాలు ఆలస్యమైంది. పెట్టె నేల మీదికి రాగానే పాప ఏడుపు ఠక్కున ఆపి, వెళ్లి దాని మీద కూర్చుంది. విమానం దిగింది కదా, అందుకే ఊరుకుందనుకున్నాను. అదే మాట పైకి కూడా అన్నాను. అప్పుడు లోకేశ్వరికి కోపం వచ్చింది.

"పాపకు విమానమంటే భయం లేదు మేడమ్. పెట్టె కోసం ఏడ్చింది. పెట్టె ఆడ నేల మీద ఉండాది, మనం ఈడ లోపల ఉండాము. దానికి అది సరిపడదు. లోపల ఎన్నిసార్లు చెప్పినానో, ఒకరన్నా విన్నారా? పాపకు పిచ్చి లేదు. మీ వరసే తలకిందలుగా ఉండాది."

నాకు ఒళ్లు మండింది. చేసిన ఉపకారానికి ఇదా మాట అనుకున్నాను. కానీ ఆమె వేలు చూపించిన కిటికీ వైపు చూస్తే, ఆ సీటు నుంచి పెట్టెల వరస నిజంగానే కనిపిస్తుంది. వాళ్ల బదులు ఆ పెట్టెను చూపించాల్సిన నేను, జనాన్ని ఎక్కించే హడావుడిలో దాన్ని చాలాసేపు నేల మీదే వదిలేశాను. చుట్టూ ఉన్న పెట్టెలు లోపలికి పోతుంటే తమది మాత్రం బయటే మిగలడం ఆ పిల్ల కళ్లారా చూసింది. తప్పు ఎవరిదో చెప్పడానికి పంచాంగం చూడనక్కర్లేదు. తప్పు నాది.

మర్నాటి విమానం నిండిపోయింది. ఆదివారం పది గంటల విమానంలో మూడు సీట్లు ఉన్నాయి. ఆ రోజు కూడా డ్యూటీ నాదే. అయితే సంగతి అప్పటికే సంపత్ గారి దాకా వెళ్లింది. ఆయన మమ్మల్ని గదిలోకి పిలిచి, రోగుల ప్రయాణానికి వాడే ఆరోగ్య ఫారమ్ బల్ల మీద పెట్టారు. మానసిక రోగి అన్న గడిలో టిక్కు పెట్టాలి, మత్తు మందు ఇచ్చినట్టు డాక్టరు రాసివ్వాలి, అప్పుడే సీటు. ఆయన చెడ్డవాడు కాదు. కొత్త పరిస్థితి వస్తే మాత్రం ఆయనకు ఏదో ఒక ఫారమ్ చేతిలో లేకపోతే కాళ్లూ చేతులూ ఆడవు.

దామోదరం పెన్ను అందుకోబోయాడు. లోకేశ్వరి ఆ చేతిని పక్కకు తోసేసింది.

"మత్తు మందా? రైల్లో పోయేటప్పుడు ఒకసారి పోసినాము సార్. రెండు దినాలు బిడ్డ కాలు మీద నిలబడలేదు. ఇంగ పొయ్యను. మీ ఫారమ్ మీరే పెట్టుకోండి. ఆదివారం నేను బిడ్డతో వస్తాను, ఎవరు ఆపతారో చూస్తాను."

ఆమె వెళ్లిపోయాక నేను మా నియమాల పుస్తకం తీసి మధ్యాహ్నమంతా చదివాను. ప్రయాణికుడు తనకో, పక్కవాళ్లకో, విమానానికో ప్రమాదం తెస్తాడనుకుంటే నిరాకరించవచ్చని ఉంది. ఏడవడం ప్రమాదమని ఏ పేరాలోనూ లేదు. ఏడ్చేవాళ్లను ఎక్కించకూడదంటే చంటిపిల్లలెవరూ విమానం ముఖం చూడరు. ఇదే మాట సంపత్ గారికి కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను. ఫారమ్ లేకుండా ఎక్కించడానికి వీల్లేదని ఆయన అన్నారు. ఆ మాట రాసివ్వమన్నాను. రాసిస్తే అది రేపు ఎవరి చేతికి పోతుందోనని ఆయనకు భయం, ఇవ్వలేదు. మా వృత్తిలో కాగితం మీద లేని ఆదేశం ఆదేశం కాదు. ఆ పాఠం నాకు నేర్పింది ఆయనే.

శనివారం చూలైకి ఫోన్ చేసి, ఏ వరస అయితే పాపకు సరిపడుతుందో చెప్పమని లోకేశ్వరినే అడిగాను. ఆమె మూడే ముక్కలు చెప్పింది: గుంపు వద్దు, కాచుకోవడం వద్దు, పెట్టె లోపలికి పోవడం పాప చూడాలి.

ఆదివారం కమాండర్ వేరే ఆయన. ముందే వెళ్లి సంగతంతా దాచకుండా చెప్పాను. తలుపు మూసేలోపు ఎక్కితే తనకేమీ అభ్యంతరం లేదని, ఆలస్యమైతే మాత్రం అది నా ఖాతాలోనేనని అన్నాడు. సరేనన్నాను. వెనక తలుపు పక్కన ఆఖరి వరసలో సీట్లు ఇచ్చాను. జనమంతా బస్సుల్లో వెళ్లేదాకా వాళ్లను లాంజి మూలన కూర్చోబెట్టాను. అందరి పెట్టెలూ ఎక్కాయి. ఏళుమలై అనే పెద్ద లోడరుకు చెప్పి ఆకుపచ్చ పెట్టె ఒక్కటి ఉంచమన్నాను. అప్పుడు జీపులో వాళ్లను తీసుకొచ్చాను.

లోపలి నుంచి వాకీటాకీలో ముగ్గురు తక్కువ, ముగ్గురు తక్కువ అని ఒకటే గోల. టెర్మినల్ గాజు తలుపు వెనక సంపత్ గారు నిలబడి చూస్తున్నారు. ఇప్పుడు గనక పాప కేక పెడితే సోమవారం చోటు పోయినట్టే. ఇంకో విమానానికి వాళ్లకు తాహతు లేదు.

పాప నేరుగా పెట్టె దగ్గరికి నడిచింది. స్టీలు పిడి మీద చెయ్యి వేసి, "పెట్టె ఈడ," అంది. మామూలుగా పెట్టెలను మూటల్లా విసిరే ఏళుమలై సుద్ద గీత పడ్డాక దాన్ని నెమ్మదిగా ఎత్తి, పాపకు కనిపించేలా పక్కకు తిప్పి, అరలో ముందు వైపు పెట్టాడు. అర తలుపు మూసి, చేత్తో రెండుసార్లు తట్టాడు. పాప ఆ తలుపు కేసి కాసేపు చూసింది. మా మనిషి ఒకడు త్వరగా ఎక్కమని అనబోతే నేను కళ్లెర్రజేశాను.

"పెట్టె లోపల," అని, పాప గిర్రున తిరిగి మెట్లెక్కేసింది. తల్లిదండ్రులు వెనక పరుగెత్తారు. విమానం ఆరు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. వాళ్లు ఎక్కినట్టు లోపల చాలామంది గమనించనే లేదని తర్వాత సిబ్బంది చెప్పారు.

సోమవారం నాకు మెమో వచ్చింది. పైవారి మాట ధిక్కరించినందుకూ, విమానం ఆలస్యం చేసినందుకూ సంజాయిషీ ఇవ్వాలి. అందులోనే, అందరిదీ ఒక దారైతే ఈమెది ఒక దారి, నోటి దురుసు ఎక్కువ అని కూడా ఉంది. నేను నాలుగు వాక్యాలు రాశాను. ఫారమ్ కావాలన్న ఆదేశం కాగితం మీద లేదు. ఆదివారం ఆరు నిమిషాలు నా పేరు మీద రాసుకోండి. శుక్రవారం నలభై నిమిషాలు కూడా నా పేరు మీదే రాయండి, ఎందుకంటే ఆ రోజు నేను నియమం ప్రకారం, మర్యాదగా, తప్పు చేశాను. రెండిట్లో దేనికి మెమో ఇవ్వాలో మీరే తేల్చుకోండి.

క్షమాపణ రాస్తే ఫైలు మూసేస్తామని రెండుసార్లు కబురు పెట్టారు. రాయలేదు. ఏడాది పాటు నన్ను సరుకుల విభాగానికి వేశారు. చేపల పెట్టెల మధ్య కూర్చున్నాను గానీ క్షమాపణ మాత్రం రాయలేదు.

అక్టోబరులో లోకేశ్వరి అక్కడికే వెతుక్కుంటూ వచ్చింది. మూడు నెలలూ పూర్తిచేసి ముందు రోజే తిరిగొచ్చారట. ఢిల్లీలో మావాళ్లు మళ్లీ ఎంతో మర్యాదగా, అందరికంటే ముందు ఎక్కండని బలవంతం చేశారట.

"నేను గేటు కాడ నేల మీద కూర్చుండేసినాను అక్కా. పెట్టె పోయినాకనే పాప వస్తాది, అప్పుడే మేము లేస్తాము అని చెప్పేసినాను. ఎంతసేపు తిడతారు? ఆఖరుకు వాళ్లే దారికొచ్చినారు."

అప్పుడు నాకు మొదటి శుక్రవారం గుర్తొచ్చింది. ఆ రోజు కౌంటర్ దగ్గర ఏం అడగబోయావని అడిగాను.

"మేము ఆఖర్న ఎక్కొచ్చునా అని," అంది.

ఆ ఉద్యోగంలో ఇంకా పదిహేనేళ్లు ఉన్నాను. నా కింద చేరిన ప్రతి కొత్త మనిషికీ మొదటి రోజు ఒక్క విషయమే చెప్పాను: ప్రయాణికుడు అడగడం పూర్తయ్యేదాకా సాయం మొదలుపెట్టకు. నా ఫైల్లో ఆ మెమో రిటైరయ్యే రోజు దాకా అలాగే ఉంది. తీసేయమని నేను అడగలేదు.