గండికోట పొద్దుపొడుపు, మా అక్క ఎడమకాలు

గండికోట లోయ అంచున ఎర్రబండ మీద కూచున్నదాన్ని లేవలేకపోయాను. అప్పుడే పొద్దు పొడిచింది. కింద పెన్నా నీళ్లు, ఎదురుగా నిలువునా లేచిన ఎర్రరాతి గోడ. మా గుంపు ఆడవాళ్లంతా బొరుగుల ఉగ్గాని డబ్బాలు విప్పుతున్నారు. నేను మాత్రం చేతులు రెండూ బండకు ఆనించి, నడుములో మేకు దిగ్గొట్టినట్టు అట్లాగే ఉండిపోయాను.

ఆ గుంపును పోగేసింది నేనే. కర్నూలులో మాకు స్టీలు సామాన్ల అంగడి, కల్లూరులో ఇల్లు. పెళ్లయినప్పటినుంచి గల్లాపెట్టె, వంటిల్లు తప్ప ఇంకేమీ చూడనిదాన్ని, నలభై దాటాక అంగడి వీధి ఆడవాళ్లను కూడగట్టి నెలకోసారి రాళ్లలోకి తీసుకుపోవడం మొదలుపెట్టాను. ఒకసారి ఓర్వకల్లు, ఇంకోసారి గండికోట. పొద్దు ఎప్పుడు పొడుస్తుంది, ఏ బండ మీద కూచుంటే ఎదురుగా కనిపిస్తుంది, జీపు ఎక్కడ ఆపాలి, ఎండ ముదరకముందే ఎప్పుడు తిరిగి రావాలి, ఆడవాళ్లు పక్కకు పోవడానికి చాటు ఎక్కడుంది, అన్నీ నేనే చూసేదాన్ని. నెలంతా ఆ ఒక్క పొద్దు కోసమే బతికేదాన్నంటే నమ్మండి.

"పట్టేసింటాదిలే" అంది నాగవేణక్క. ఆమె మా బావగారి భార్య, నాకు తోడికోడలు. ఎదురుకాళ్లతో పుట్టింది. అట్లా పుట్టినవాళ్లు తంతే నడుం పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. వీధిలో ఎవరికి నడుం పట్టినా పొద్దున్నే ఆమె గడప ముందు నిలబడతారు. "బోర్లా పండుకోమ్మే. ఎడమకాలితో మూడు తన్నులు తంతా, జీపు కాడికి నువ్వే ఉరుకుతావు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే బండ మీద పడుకున్నాను. మూడో తన్నుకు ప్రాణం జిల్లుమంది. అయినా ఎట్లాగో లేచాను. ఇంకేముంది, అక్క కాలి మహిమ అని చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. అన్నం సయించేది కాదు. జాకెట్లు వదులయ్యాయి. "కొండలెక్కి ఎంత నాజూగ్గా అయినావమ్మే!" అని వీధంతా మెచ్చుకుంటుంటే నాకు సంబరం కూడాను! నొప్పి మాత్రలు మింగేదాన్ని, అవి పనిచేయనప్పుడు మళ్లీ అక్క దగ్గర తన్నించుకునేదాన్ని.

ఒకరోజు అంగడిలో మా ఆయన వెనకనుంచి పిలిచాడు. "ఒక చెప్పు యాడ ఇడిస్తివి?" చూసుకుంటే ఎడమకాలికి చెప్పు లేదు. గుమ్మంలోనే ఊడిపోయింది, నాకు తెలియనే లేదు. అప్పుడు భయమేసింది.

ఆర్థో డాక్టరు సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూసి, "ఈరోజే ఎంఆర్ఐ తీయించండి" అన్నారు. ఆ మిషను గొట్టంలో పడుకున్నప్పుడు కూడా ఇది పెద్దదేమీ కాదులే అనుకున్నాను. తర్వాత బయాప్సీ.

"స్పైన్ టీబీ అమ్మా. డిస్క్‌ను తినేసింది. చీము పట్టి స్పైనల్ కార్డ్‌ను ఒత్తుతోంది."

"నాకు దగ్గే లేదు కద సార్!"

"ఎముకకు వచ్చినప్పుడు దగ్గు ఉండాలని లేదు. మసాజ్‌లాంటిది ఏమైనా చేయించుకున్నారా?"

తన్నించుకున్నానని చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టారు. "తన్నడంవల్ల టీబీ రాదు. కానీ ఎముక మెత్తబడిపోయింది. ఇంకో తన్ను పడుంటే రెండు కాళ్లూ పడిపోయేవేమో."

నాకు తోడొచ్చిన అక్క తలుపు దగ్గరే నిలబడి ఉంది. చెంగు నోట్లో కుక్కుకుంది.

"మళ్లీ నడుస్తానా సార్?"

"ఇప్పుడే చెప్పలేను. మందులకు తగ్గకపోతే సర్జరీ. అప్పటిదాకా స్ట్రిక్ట్ బెడ్ రెస్ట్."

మధ్యగదిలో మంచం వేశారు. ఆ గదికి కిటికీ లేదు. లేవకూడదు, కూచోకూడదు. పక్కకు తిరగాలంటే ఇద్దరు పట్టుకుని మొద్దును దొర్లించినట్టు దొర్లించాలి. కడుపులోకి పోయేదీ బయటికి వచ్చేదీ అన్నీ ఆ మంచం మీదే. తెల్లారిందో లేదో పాలవాడి గంటతో తెలియాలి. రాళ్ల మీద పొద్దును చూడడానికి ఊరు దాటి పోయినదాన్ని, నా ఇంట్లో పొద్దు ఎక్కడుందో తెలియకుండా పడి ఉన్నాను. బొటనవేలు కదులుతోందా అని మాటిమాటికీ దుప్పటి తీసి చూసుకునేదాన్ని.

గుంపువాళ్లు ఫోన్ చేసేవాళ్లు. "నువ్వు చెప్పకుంటే మాకు దావ తెలీదు కదమ్మే." పడుకునే చెప్పేదాన్ని. మసీదు దాటినాక ఎడమకు తిరగండి, తుప్పల్లో ముళ్లుంటాయి, ఇంత పొద్దుకల్లా బండ మీద ఉండాలి. వాళ్లు పోయి వచ్చి వీడియోలు పంపేవాళ్లు. ఒకసారి నేను కూచునే బండ మీదే ఇంకొకామె కూచుని నవ్వుతోంది. ఫోను గోడకేసి కొట్టాను. కుళ్లుకున్నాను, అవును. కుళ్లుకోనా మరి?

అది చాలదన్నట్టు మందులు లివర్‌కు తగిలాయి. కళ్లు పచ్చబడ్డాయి, తిన్నదంతా వాంతి. "మందులు కొన్నాళ్లు ఆపుదాం, తర్వాత ఒక్కొక్కటే మొదలుపెడదాం" అన్నారు డాక్టరు. లోపల పురుగు తింటూనే ఉంటుంది, పైన మందు లేదు. ఆ వారాల్లో నేను బతకనులే అనుకున్నాను.

అక్క నాకు అన్నం కలిపి పెట్టేది, బెడ్‌పాన్ ఎత్తేది, జడ వేసేది. నడుం మాత్రం ముట్టేది కాదు. నన్ను దొర్లించేటప్పుడు కాళ్లవైపే పట్టుకునేది. తర్వాత డాక్టరు కూచోనిచ్చి, నడుముకు బ్రేస్ పట్టీ ఇచ్చినా, దాని బెల్టు మా ఆయనే బిగించాలి. కొండలకు పోవడం మానేసింది. నడుం పట్టిందని వచ్చినవాళ్లను గడపలోనే తిప్పి పంపేది.

ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టిన మందులు ఈసారి ఒంటికి పడ్డాయి, సర్జరీ తప్పింది. ముందు వాకర్, తర్వాత కర్ర, తర్వాత గోడ. ఏడాది పైన మందులు వాడాక స్కాన్ చూసి డాక్టరు నవ్వారు. "నడవండి. చదునైన నేల మీదే. రాళ్లెక్కొద్దు, దూకొద్దు."

మొన్న గండికోటకు పోయాను. ప్లాను నాదే. రాళ్లు మొదలయ్యేచోట ఆగిపోయాను. నా బండ అక్కడినుంచి కనిపిస్తోంది, కానీ మధ్యలో అన్నీ ఎక్కి దిగాల్సిన రాళ్లే. మిగతావాళ్లు ముందుకు పోయారు. అక్క నా పక్కనే ఉండిపోయింది. నా బలవంతం మీద వచ్చింది.

జీపు కుదుపులకు బ్రేస్ వదులైంది. "అక్కా, బెల్టు బిగించు" అన్నాను.

"నేనా? వద్దమ్మే. ఆయప్పను పిలుచ్చా ఉండు."

"మా ఆయన జీపు కాడ ఉన్నాడు. నువ్వే బిగించు."

చేతులు చెంగుకు తుడుచుకుని నా వెనక్కి వచ్చింది. తర్వాత నడుం మీద ఆమె చేతులు ఆనాయి. బెల్టు బిగిసింది. ఎదుటి ఎర్రరాయి మీదికి వెలుగు దిగుతోంది. ఇద్దరం ఏడ్చాం.

గుంపు తిరిగి వచ్చింది. అందులో కొత్తగా చేరిన ఒకామె నడుం పట్టుకుని, "అక్కా, ఒక్క తన్ను తన్నవా?" అంది. అక్క కళ్లు తుడుచుకుంది. మీకు నేను చెప్పాలనుకున్న మాట ఆమే చెప్పేసింది.

"తన్నేది లేదు గానీ, నేను అడిగేది చెప్పు. ఎన్ని దినాల నుంచి ఉండాది నొప్పి? మాపటేళ జరం వస్తాందా? ఊరికే సన్నబడతాండావా? కాళ్లు తిమ్మిరెక్కుతాండాయా? వీటిలో ఒక్కటున్నా రేపే ఆస్పత్రికి పా, నేను తోడొస్తా."