లోకో పైలట్ ముందు నా ఉపన్యాసం

వాదించి గెలవడం నాకు చిన్నప్పటి అలవాటు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ముహూర్తాలకూ దిష్టి గుమ్మడికాయలకూ నేనంటే భయం. బడిపంతులుగా రిటైరైన నన్ను తెలుగు సంఘంవాళ్లు ఆరు వారాల శిక్షణకు పంపి, ఆదివారాలు కౌన్సెలింగ్‌కు కూర్చోబెట్టారు. ఏ ధైర్యంతో పంపారో మరి!

మొదట వచ్చినవాడు నలభై ఏళ్ల లోకో పైలట్, అంటే రైలు డ్రైవరు. అతని బండికి అడ్డొచ్చిన మనిషి ఆఖరి క్షణంలో తప్పుకున్నాడట. మనిషి బతికాడు కాబట్టి అందరి దృష్టిలో ఏమీ జరగనట్టే. ఇతనికి మాత్రం ఆనాటి నుంచి నిద్ర లేదు. మంగళవారం మళ్లీ డ్యూటీ ఎక్కాలి.

ఇంతలో అతని జబ్బకున్న తాయెత్తు నా కంటబడింది.

"అది బ్రేకు వేస్తుందా, బాబూ?"

పావుగంట ఉతికాను. అతను ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. "అచ్ఛా మాస్టారూ, మీరు సెప్పిందే రైటు" అని వెళ్లిపోయాడు.

ఇవాళ ఒకరి మూఢనమ్మకం వదిలించానని ఇంట్లో గొప్పగా చెప్పాను.

"ఎవరేటి? ఏటి సెప్పేడేటి?" అంది మా ఆవిడ.

"బయట చెప్పకూడదు" అన్నాను గంభీరంగా. ఆ రెండు ముక్కలు తప్ప చెప్పడానికి నా దగ్గరేమీ లేదని అప్పుడు తెలిసింది. అతన్ని మాట్లాడనిస్తే కదా!

సోమవారం పొద్దున్నే ఫోన్ చేశాను. "నిన్నంతా నేనే మాట్లాడాను. తప్పు నాది. వస్తావా?"

వచ్చాడు. కూర్చోగానే నవ్వాడు. "మా ఇంజన్లో నాను సిగ్నల్ సూసి 'గ్రీన్' అంటే, అసిస్టెంటు కూడా సూసి 'గ్రీన్' అనాల. అలగనకపోతే నానొక్కడినే సూసినట్టు. మీరు నిన్న నా సిగ్నల్ సూడనేదు, మాస్టారూ."

ఎదుటి మనిషి మాటను విని తిరిగి అనమని శిక్షణలో నేర్పిందీ ఇదే. నేనే పాఠంలా వల్లించి వదిలేశాను.

"సరే, చెప్పు."

"హారన్ ఆపకుండా కొట్టేను."

"ఆపకుండా కొట్టావు."

"ఆడు తిరిగి నాకేసి సూసేడు."

"నీకేసే చూశాడు."

అతని చెయ్యి జబ్బనున్న తాయెత్తు మీదికి పోయింది. దాన్ని చూస్తూ నోరు మూసుకోవడం నాకు పెద్ద పరీక్షే.

"రేపు బండెక్కలేను. డ్యూటీ ఎక్కే ముందు సంతకాలెట్టే లాబీలో మావోళ్లు పిరికోడంటారని ఎవరికీ సెప్పనేదు."

"రేపు ఎక్కలేవు."

"లేను" అన్నాడు, ఈసారి గట్టిగా. "డాక్టరు దగ్గరికి పోదాం. నానే సెప్పుకుంటాను. మీరు పక్కన కూసోండి, సాలు."

రైల్వే ఆసుపత్రిలో డాక్టరు ఏమిటని అడగగానే నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను.

"నిద్ర లేదు సార్. రేపు బండి నడపలేను" అని అతనే చెప్పాడు.

డాక్టరు అతన్ని డ్యూటీకి పంపలేదు.