మావయ్య కట్టిన ఎర్రగుడ్డ

మావయ్య పోయాడన్న కబురు నాకు బాపట్లలో, ఒక సభలో మాట్లాడి వేదిక దిగుతుండగా అందింది. "పొద్దున్నే కాఫీ తాగి కుర్చీలో అలాగే ఒరిగిపోయారమ్మా" అని అత్తయ్య ఫోన్లో చెప్పింది. విమానాల భద్రత చూడాల్సిన ప్రభుత్వ సంస్థ మీద అప్పుడే గంటసేపు విరుచుకుపడి దిగాను. అందులో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆయన మా అమ్మకు తమ్ముడు. రేపల్లెలో పుట్టి, ఆ సంస్థలోనే విమానాలు తనిఖీ చేసే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక తెనాలిలో స్థిరపడ్డాడు. ఇంట్లో సగంలో ఆగిన ప్రతి పనికీ ఓ ఎర్రగుడ్డ పీలిక కట్టేవాడు. విప్పి పెట్టిన మిక్సీకి, నీళ్ళ మోటారు స్విచ్చికి, స్కూటర్‌కి. విమానాల షెడ్డులో పడ్డ అలవాటు అది. పని పూర్తికాని చోట ఎర్రది కనపడాలి, తెలియక ఎవరూ స్టార్ట్ చేయకూడదు. కట్టినవాడే విప్పాలి. అతను డ్యూటీ దిగిపోతే, తర్వాత వచ్చినవాడు పనంతా మొదటినుంచి తన కళ్ళతో చూసుకుని విప్పాలి. "వాడు చెప్పాడు కదా అని విప్పకూడదు" అనేవాడు.

"నాకూ ఒకటి కట్టండి. ఈ జన్మకి మీతో పని పూర్తయ్యేలా లేదు" అని అత్తయ్య ఎత్తిపొడిచేది.

"నువ్వెప్పుడో స్టార్టయిపోయావు. ఇంక కట్టి ఏం లాభం?"

ఒకసారి తొందరలో స్కూటర్‌కున్న పీలిక విప్పేసి చుండూరు బయల్దేరాను. వీధి మలుపు దాకా వెళ్ళానో లేదో, వెనకనుంచి కేక. లుంగీ ఎగ్గట్టి పరిగెత్తుకొస్తున్నాడు. కాళ్ళు నేలకు రాసి ఎలాగో ఆపాను. బ్రేకు వైరు ఆయన చొక్కా జేబులో ఉంది! తిట్టలేదు. వగరుస్తూ, "తప్పు నాదేనే. బండికి గుడ్డ కట్టి, తాళంచెవి మేకుకి వదిలేశాను" అన్నాడు. ఎదుటివాళ్ళ తప్పులో తన వాటా వెతుక్కునే మనిషి. నాకా గుణం లేదని పేపర్లో నా వ్యాసాలు చదివే మీకు వేరే చెప్పక్కర్లేదు.

విమాన ప్రమాదాల మీద గోల పెరిగాక, పార్లమెంటు కమిటీ ఒకటి ఆ సంస్థ అధికారులను పిలిచి ప్రశ్నించడం మొదలుపెట్టింది. తెలిసినవాళ్ళు రాసి పంపొచ్చంది. మావయ్య రాయడానికి కూర్చుంటే పొంగిపోయాను. చూసే మనుషులు చాలక, కాగితం సరిగ్గా ఉంటే విమానమూ సరిగ్గా ఉన్నట్టేనని సరిపెట్టుకునే తీరును లోపలి మనిషే చెప్తే దాని బరువే వేరు. కానీ మూడో పేజీలో ఆయన ఇంకో సంగతి రాశాడు. ఒకరోజు చూడాల్సిన విమానాలు ఎక్కువై, ఒకదాని ఇంజను మూత తెరవకుండానే, తోటివాడి మాట మీద 'చూశాను' అని సంతకం పెట్టాడట.

"ఆ విమానానికి ఏమన్నా అయిందా?" అన్నాను.

"ఏం కాలేదు. అందుకే ఎవరికీ తెలీలేదు."

"అయితే తీసెయ్ మావయ్యా! పెద్దవాళ్ళని వదిలేసి నిన్ను పట్టుకుంటారు. ఈ దేశంలో విచారణలన్నీ అడుగున సంతకం పెట్టినవాడి దగ్గరే ఆగుతాయి, నీకు తెలీదా?"

"తెలుసే. కానీ అది తీసేస్తే మిగిలేది ఫిర్యాదు. ఉంచితే సాక్ష్యం."

ఉత్తరం చివర 'చూసినవారు' అని రాసి, నా సంతకానికి చోటు వదిలాడు. ముఖ్యమైన పనిని రెండో మనిషి కూడా చూడాలని ఆయన పట్టు. "ఆ పేరా ఉంటే నేను చూడను" అనేసి వచ్చాను. అత్తయ్య ఫోన్ చేసేదాకా మళ్ళీ తెనాలి వెళ్ళలేదు.

పెద్దకర్మ అయ్యాక అత్తయ్య ఒక ఫైలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. దాని మూలకు ఎర్ర పీలిక. "నీకోసమే ఆగారు. పోస్టు చేసేయండి అంటే, 'అదింకా చూడలేదుగా' అనేవారు."

"ఇందులో ఆయన తప్పు కూడా ఉంది అత్తయ్యా. పేపర్లకెక్కొచ్చు."

"ఎక్కనీ. ఆ సంతకంతో కాపురం చేసింది నేనేగా!"

ముడి కదపకుండా మొదటి అక్షరం నుంచి చదివాను. మూడో పేజీ దగ్గర చాలాసేపు ఆగాను, కలం చేతిలోనే ఉంది. ఎవరెవరు జవాబు చెప్పాలో ఏళ్ళ తరబడి వేలు చూపిస్తూ వచ్చినదాన్ని. తన వైపే తిప్పుకున్న వేలును ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. ఒక్క మాటా కొట్టేయలేదు. చివర సంతకం పెట్టాను. అప్పుడు విప్పాను.

నా కోపం ఏమీ తగ్గలేదు. ఆ కమిటీ దీన్ని ఏ మూలనో పడేస్తే, ఏమైందని అడిగే పని ఇక నాది.

రిజిస్టరు పోస్టు చేసి వచ్చేసరికి అత్తయ్య వీధి కొళాయి నుంచి బక్కెట్టుతో నీళ్ళు తెస్తోంది. పెరట్లో మోటారు స్విచ్చికి ఇంకో ఎర్ర పీలిక అలాగే ఉంది. ఏం బాగుచేస్తూ ఆపాడో ఎవరికీ తెలియదు.

"మెకానిక్కుని పిలవనా?"

"పిలుద్దువులే. ఇవాళ కాదు."

బక్కెట్టు దించింది. చెయ్యి పైటచెంగుకు తుడుచుకుని, వదులైన ఆ ముడిని మెల్లగా బిగించి లోపలికి వెళ్ళింది.