గోడ మీద నా పేరు లేదు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మైకు ముందు నిలబడి మాట్లాడడం నాకు అలవాటు లేదు, నిచ్చెనెక్కి మీకు వీపు చూపించడమే అలవాటు, కాబట్టి మాట తడబడితే నవ్వుకోండి గాని విసుక్కోకండి. ఈ వేదిక వెనక గోడకు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వరుసలో ఏటేటా కొత్త సంవత్సరపు వాగ్దాన వాక్యం రాసే పెయింటర్ దావీదును నేనే. ఫ్లెక్సీలు వచ్చి మా వృత్తిని మింగేసినా, హార్బర్‌లో బోట్ల మీద పేర్లకూ, కంపెనీ గేట్ల మీద నంబర్లకూ, మందిరాల్లో వాక్యాలకూ నన్నే పిలిచేవారు, దాంతో నాకెంత గర్వమో చెప్పలేను! వాక్యం పూర్తవగానే కుడివైపు చివర నా పేరు రాసుకునేవాణ్ణి. మొదటి ఏడు జానెడే, తర్వాత ప్రతి ఏడూ కొంచెం కొంచెం పెరిగింది.

రెండేళ్ల క్రితం వేసవిలో కూర్మన్నపాలెంలో ఒక స్కూలు గోడ మీద బోర్డు రాస్తున్నాను. ఒక్క అక్షరమే మిగిలింది, నిచ్చెన దిగి జరుపుకుంటే సరిపోయేది, కానీ అంతటి పనివాడు ఒక్క అక్షరం కోసం దిగుతాడా! పక్కకు వంగి చెయ్యి చాపాను, నిచ్చెన ఒక వైపుకు, నేను ఒక వైపుకు పోయాం. కుడి మోచేయి నలిగిపోయింది. ప్లేటు వేసి ఎముక అతికించారు గాని నరం దెబ్బతింది, వేళ్లు ముడుచుకోవడం లేదు, ఇక కుంచె పట్టుకునే ఆశ పెట్టుకోవద్దని డాక్టరు గారు మెల్లగా చెప్పారు. ఆయన అంత మెల్లగా చెప్పడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

సహోదరులారా, అప్పుడు నేను చేసిన ప్రార్థన చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా దాచను. "ప్రభువా, ఇన్నేళ్లూ నీ మాటలు రాసిన చెయ్యి ఇది. నువ్విచ్చిన కూలి ఇదేనా?" అన్నాను. ఆ తర్వాత ప్రార్థనే మానేశాను. ఇంట్లో గిన్నె చప్పుడైతే కోపం, పక్కింటివాళ్లు పలకరిస్తే కోపం, పలకరించకపోతే ఇంకా కోపం! ఒకరోజు నా బ్రష్షులన్నీ మూటగట్టి చెత్తలో పారేసి వచ్చి పడుకున్నాను.

ఇక్కడ నా భార్య సుగుణ సంగతి చెప్పాలి, ఆమె ఆ బెంచీ మీద తల దించుకుని కూర్చుంది, అయినా చెబుతాను. నా మేనమామ కూతురు, చిన్నప్పటి నుంచి నా నోటి దురుసు ఎరిగిన మనిషి. పెందుర్తి నుంచి పరవాడ వెళ్లి మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసి, రోజంతా నిలబడి, ఇంటికొచ్చి నా చేతికి నూనె రాసి, నేను అన్న మాటలన్నీ పడింది. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు అంటే అబద్ధం, బాగానే చెప్పింది, కానీ వదల్లేదు. అటువంటి మనిషిని నేను ఈ ఊళ్లో ఇంకొకరిని చూడలేదు.

వానాకాలంలో ఒక శనివారం ఆమె పెరట్లో కూర్చుని ఏదో కడుగుతుంటే వెళ్లి చూశాను. నా బ్రష్షులు! చెత్తలోంచి తెచ్చి దాచింది. మా పనిలో ఉన్నవాళ్లకు తెలుసు, రంగు తాగిన బ్రష్షును వారం వదిలేస్తే పుల్లలా బిగుసుకుపోతుంది. నాలుగు నెలలైనా అవి పసిపిల్లాడి జుట్టులా మెత్తగా ఉన్నాయి. ప్రతి శనివారం కిరసనాయిలులో కడిగి, కొబ్బరినూనె రాసి, గుడ్డలో చుట్టి పెడుతోందట, ఒక్కో బ్రష్షుకు ఒక్కో ప్రార్థన చేస్తూ! నేను దేవునితో మాట్లాడడం మానేసిన నాలుగు నెలలూ నా తరఫున ఆమె మాట్లాడింది. అక్కడే చతికిలబడి ఏడ్చేశాను.

ఆమె మాత్రం ఏడవలేదు. "దేవుడు నీకు ఒక్క సెయ్యే ఇచ్చాడేటి బావా? ఆ రెండోది ఊరికే ఏలాడదీసుకోడానికా?" అని ఒక బ్రష్షు నా ఎడమ చేతిలో పెట్టింది.

మూడు నెలలు మా ప్రహరీ గోడ మీద ఎడమ చేత్తో దిద్దాను. నా అక్షరాలు తాగినవాడి నడకలా ఉండేవి, వీధిలో వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఎడమ చేత్తో మొదటి నుంచి రాస్తే తడి రంగును మన చెయ్యే తుడిచేస్తుంది, అందుకని చివరి అక్షరం నుంచి మొదలుపెట్టి మొదటి అక్షరానికి రావడం నేర్చుకున్నాను. చెయ్యి వణక్కుండా ఆనించుకునే కర్రను పూర్వం నా ఎడమ చెయ్యి పట్టుకునేది, ఇప్పుడు సుగుణ పట్టుకుంది. డిసెంబరులో పాస్టరు గారు ఈ ఏడు కూడా మందిరం గోడ నీదేనన్నారు.

ఆ రోజు సుగుణ ముందు చాక్‌పీసుతో కొలుచుకోమంది. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడికి కొలతలేమిటి అన్నాను! చివరి నుంచి కదా మొదలుపెట్టాలి, గోడకు చివర ఉండేదేమిటి? నా పేరు! అలవాటు కొద్దీ ముందు దాన్ని రాసేశాను, మూడడుగులు. తర్వాత వాక్యం, ఒక్కో మాట వెనక్కి వెనక్కి రాసుకుంటూ, సుగుణ స్టూలు మీద కర్ర పట్టుకుని నాతోపాటే జరుగుతూ, సాయంకాలానికి ఎడమ అంచుకు చేరాం. ఇక ఒక్క మాటే మిగిలింది, వాక్యంలో మొట్టమొదటి మాట. 'యెహోవా'. గోడ అయిపోయింది, కిటికీ వచ్చేసింది!

సన్నగా కిటికీ పక్కన ఇరికించేద్దాం అన్నాను. సుగుణ ఆ చివర ఉన్న నా పేరు వైపు చూసింది.

"దేవుడి పేరు ఎక్కడ రాత్తావు బావా? నీ పేరు ముందే కూసుండిపోనాది."

అంతే, నా బతుకంతా ఆ గోడ మీద కనబడింది. ఎప్పుడూ ముందు నేను, తర్వాత నా పని, మిగిలిన మూల ప్రభువుకు! నిచ్చెన దిగి మోకరించాను. "ప్రభువా, నా చెయ్యి బాగు చెయ్యమని ఇక అడగను. నన్ను బాగు చెయ్యి" అన్నాను. కిరసనాయిలు గుడ్డ తీసుకుని ముందు నా పేరు తుడిచాను, తర్వాత మొత్తం తుడిచాను. తెల్లరంగు వేసి, ఆరనిచ్చి, ఈసారి సుగుణ చేతే కొలతలు వేయించి, మళ్లీ చివర నుంచి రాసుకొచ్చాను, ఆయన పేరుకు కావలసినంత చోటు దొరికింది.

కొత్త సంవత్సరపు ఆరాధనలో మీరంతా లేచి నిలబడి ఆ వాక్యం బిగ్గరగా చదివారు, గుర్తుందా? అక్షరాలు కాస్త ఒక పక్కకు ఒరిగాయి, అయినా చదివారు. నా కుడి చేతి వేళ్లు ఈనాటికీ ముడుచుకోవు, ముంజేతికి రంగు డబ్బా తగిలించుకోవడానికి మాత్రం ఆ చెయ్యి బాగా పనికొస్తోంది. పని మళ్లీ వస్తోంది, కోపం చాలావరకు పోయింది, మిగిలింది సుగుణ చూసుకుంటుంది. ఆ గోడ మీద కర్ర పట్టిన చేతిదెంత, కుంచె పట్టిన చేతిదెంత అన్నది ప్రభువుకే తెలుసు.

ఇక్కడ ఎవరైనా, నా బతుకులో దేవునికి చోటు చాలడం లేదని దిగులు పడుతుంటే, ఈ పెయింటరు మాట ఒక్కటి వినండి. ముందుగా రాసుకున్న మీ పేరు తుడిచేయండి. గోడ పాడైపోతుందని భయపడకండి, పాడవదు, నేను తుడిచి చూశాను. దేవునికే మహిమ!