పంచాయతీ టీవీలో మాటల్లేని దర్జీ

మా చిన్నప్పుడు ఊరికంతా ఒక్కటే టీవీ... పంచాయతీ ఆఫీసులో, చెక్క తలుపుల పెట్టెలో ఉండేది. పంచాయతీ కాగితాలు చూసుకునే కారోబారు రాజన్న మొలతాడుకు దాని తాళంచెవి వేలాడేది. సాయంత్రం ఆయన తలుపు తెరిచేసరికి సగం ఊరు చాపలేసుకుని కూర్చునేది.

వార్తలు చూసేవాళ్ళం, పొలం పనుల కార్యక్రమం చూసేవాళ్ళం, బొమ్మ పోయి గీతలు వస్తే ఆ గీతలూ చూసేవాళ్ళం. ఫిడేలు కచేరీ వస్తే మాత్రం మగవాళ్ళు బీడీలకు లేచేవాళ్ళు.

ఆ రోజు కూడా లేచారు. టీవీలో చాప మీద ఫిడేలాయన, మృదంగం ఆయన కూర్చుని ఉన్నారు. అంతలో ముఖానికి తెల్ల పౌడరు దట్టించుకున్న మనిషొకడు వాళ్ళ ముందుకు వచ్చి, లేని కుర్చీలో కూర్చున్నాడు. లేచినవాళ్ళు మళ్ళీ చాపల మీదికొచ్చారు.

ఆ మనిషి ఎంతసేపటికీ మాట్లాడడు... టీవీ చెడిపోయిందనుకుని రాజన్న గుండీ తిప్పాడు. ఫిడేలు చెవులు చిల్లులు పడేలా మోగింది గానీ మాట రాలేదు. అప్పుడు అర్థమైంది మాకు, ఇది మాటల్లేని ఆట అని. హైదరాబాద్ స్టూడియోలో అప్పటికప్పుడు ఆడుతున్నారని ముందే చెప్పారట. నాకు ఒకటే ఆశ్చర్యం... ఆయన ఇప్పుడు తుమ్మితే మాకూ ఇప్పుడే వినిపిస్తుందా?

ఆయనది దర్జీ వేషం. చేతిలో సూదీ లేదు, దారమూ లేదు... అయినా రెండూ కనిపిస్తున్నాయి. ఒక కన్ను మూసి దారం ఎక్కించబోతాడు, తప్పిపోతుంది. కొస నోట్లో తడిపి మళ్ళీ మొదలు. ఫిడేలు వేగం పెంచేకొద్దీ చేయి వణుకుతుంది. సూది కిందపడితే మోకాళ్ళ మీద పాకుతూ వెతుకుతాడు, మృదంగం వెంటపడి తరుముతుంది. ఊరు ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

అందరికన్నా ఎక్కువ నేనే నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ అనేశాను...

"మా బాపుకు గూడ గిట్లనే ఎక్కది. నేనే ఎక్కిచ్చి ఇస్త."

మా బాపు ఊళ్ళో దర్జీ. నా వెనకే కూర్చుని ఉన్నాడు.

నలభై దాటాక ఆయనకు దగ్గరి చూపు తగ్గింది. ఆ సంగతి తెలిస్తే ఎవరూ బట్టలివ్వరని, అసలే బస్టాండు దగ్గర కొత్త టైలరు దుకాణం తెరిచాడని, ఎక్కడా నోరు జారొద్దని నాకు మరీ మరీ చెప్పాడు. బడికి పోయేముందు ఐదారు సూదులకు దారాలెక్కించి పోవడం నా పని. ఇంట్లో అమ్మకు కూడా తెలియని ఆ విషయాన్ని నిండు పంచాయతీలో నేనే బయటపెట్టాను. ఎవరో, అయితే తమ పిల్ల పెళ్ళి జాకెట్లు బస్టాండు టైలరుకే ఇస్తామన్నారు. మళ్ళీ నవ్వులు... నేను వెనక్కి తిరిగి చూడలేక ఇంటికి పరుగెత్తాను. ఆట చివర ఏమైందో చూడనేలేదు.

బాపు ఇంటికొచ్చి తిట్టలేదు, కొట్టలేదు. అన్నం తిని పడుకున్నాడు.

మర్నాడు దుకాణంలో ఎప్పటిలాగే సూది చేతికిచ్చాడు. దారమెక్కించి ఇచ్చాను. ఆయన రెండు చేతులు జోడించి, నుదురు మిషను బల్లకు తగిలేదాకా వంగి నాకు దండం పెట్టాడు... 'నీకో దండం రా నాయనా' అని విసుగొచ్చినప్పుడు అంటామే, అదనుకున్నాను. కొట్టినా అంత బాధ ఉండేది కాదు. మరుసటి రోజూ అంతే, ఆ మరుసటి రోజూ అంతే. వారం తిరక్కుండానే, అద్దాలు కొనుక్కొమ్మని ముఖం మీద చెప్పేసి దుకాణానికి పోవడం మానేశాను. బాపు జగిత్యాల పోయి అద్దాలు తెచ్చుకున్నాడు. పోయిన గిరాకీలో కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. ఆ మాట మాత్రం మా ఇద్దరి మధ్య మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... నేను దుబాయ్‌లో ఉంటాను. ఊళ్ళో అందరికీ దుబాయే గానీ, నిజానికి షార్జాలో సజ్జా అనేచోట, యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో. కరోనా ఏడాది అందరం మాస్కులు కుడుతున్నాం. ఒకరోజు మిషను సూది విరిగింది. కొత్తది బిగించాను గానీ ఎంతకీ దారం ఎక్కదు... నాకూ నలభై దాటాయి మరి. పక్క మిషను మీద ఉండే యూసుఫ్ భాయ్ హైదరాబాదాయన, నాకన్నా పెద్ద. నా తిప్పలు చూసి నవ్వి, చిన్నప్పుడు టీవీలో ఒక దర్జీ అచ్చం ఇలాగే అవస్థ పడ్డాడన్నాడు. ఫిడేలు, మృదంగం, తెల్ల ముఖం... అన్నీ చెప్పాడు.

దారం వదిలేసి ఆయనవైపు తిరిగాను. చివరికి దారం ఎక్కిందా అని అడిగాను.

"ఎక్కలే భాయ్. ఆఖరికి లేచి పొయ్యి సూది, దారం ఫిడేలాయన చేతిల పెట్టిండు. ఆయన బాజా బంద్ జేసి, దారం ఎక్కిచ్చి ఇచ్చిండు. గప్పుడు ఈయన రెండు చేతులు జోడిచ్చి, నెత్తి చాపకు తాకెదాక వంగి దండం పెట్టిండు. బస్, ఖలాస్. ఎవ్వలు నవ్వలే. మా అబ్బా అయితే కండ్లు తుడుచుకున్నడు."

అంటే బాపు అక్కడే కూర్చున్నాడు. ఊరంతా నవ్వాక కూడా లేవకుండా చివరిదాకా చూశాడు. నేను మొత్తానికే వెళ్ళిపోయానని తెలియదో, గుమ్మం దగ్గర నిలబడి చూశాననుకున్నాడో... పొద్దున్నే నాతో ఆ ఆటే ఆడాడు. నేను వెక్కిరింపు అనుకున్నది నిజంగా దండమే.

అటుపక్క ముదీర్, అంటే మా మేనేజరు, యల్లా యల్లా అని తొందర పెడుతున్నాడు. ముఖానికి మాస్కు ఉండబట్టి సరిపోయింది, దాని చాటున ఏడ్చాను. బాపు పోయి అప్పటికే ఆరేళ్ళు.

ఇప్పుడు నా కూతురు వేసిన తప్పటడుగులు కూడా ఫోనులో ఉన్నాయి... ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. ఆ ఆట ఎంత వెతికినా దొరకలేదు. అప్పటికప్పుడు ఆడారు, అప్పుడే అయిపోయింది.

ఆ సాయంత్రం ఏ పంచాయతీ ముందో, ఏ పక్కింటి కిటికీ దగ్గరో నిలబడి చూసినవాళ్ళు మీలో ఉంటే ఒక్క మాట చెప్పండి... దండం పెట్టి తలెత్తినప్పుడు ఆ దర్జీ నవ్వాడా? యూసుఫ్ భాయ్‌కు గుర్తులేదట. మా బాపు అన్ని రోజులు దండం పెట్టాడు గానీ, నేను ఒక్కసారి కూడా ఆయన ముఖంలోకి చూడలేదు.