ఎల్లయ్య చెయ్యి

ఒక మనిషి ఆనవాలును పది నిమిషాల్లో, అదీ ఇనుప బ్రష్షుతో, పూర్తిగా తుడిచేసిన ఘనత నాది. ఎలాగో చెప్తాను. ఊరి పేరు మాత్రం అడగకండి. కారణం చివర్లో మీకే తెలుస్తుంది.

ఎమ్మే చరిత్ర పాసైన కొత్తలో, సిద్దిపేట చుట్టుపక్కల ఉన్న పాత చర్చిల చరిత్ర రాయాలని బయల్దేరాను. నన్నెవరూ అడగలేదు. హుస్నాబాద్ దారిలో ఒక ఊళ్లో బస్సు దిగితే, తెల్లగా సున్నం కొట్టిన రాతి చర్చి. గోడ మీద ఒకేఒక చోట అరచేయంత జాగా నల్లగా, జిడ్డుగా ఉంది. సున్నం వేసినవాళ్లు బద్ధకించారనుకున్నాను. దాని కింద చర్చి కట్టించిన దొర పేరు చెక్కి ఉంటుందని నా చదువు చెప్పింది. నీళ్లు చల్లి, భుజబలం కొద్దీ రుద్దాను. జిడ్డు పోయింది. దాంతోపాటు పాత గచ్చూ పెళ్లలుగా రాలింది. దొర పేరు లేదు. రాయి ఉంది.

“ఏం జేస్తున్నవ్ సారూ?”

వెనక మణెమ్మ అనే ముసలామె.

“శుభ్రం చేస్తున్నానమ్మా.”

“గాడ మా నాయిన చెయ్యుండె.”

నాకర్థం కాలేదు. పాస్టరుగారు వచ్చి అర్థం చేయించారు. ఆమె తండ్రి ఎల్లయ్య ఈ గోడ కట్టిన కూలీల్లో ఒకడు. సంతకం రాదు కనుక పచ్చి గచ్చు మీద అరచెయ్యి అద్దాడు. ఆయనకు ఫొటో లేదు, సమాధి మీద రాయి లేదు. ఏటా క్రిస్మసుకు ఆ జాగా వదిలే సున్నం వేస్తారు. మణెమ్మ ప్రతి ఆదివారం దాని మీద చెయ్యి పెట్టి లోపలికి వెళ్తుంది. నేను వదిలించిన జిడ్డు అదన్నమాట.

“తిట్టమ్మా,” అన్నాను.

“తిడితే వస్తదా?”

పాస్టరుగారు నా చేతికి తాపీ ఇచ్చారు. “రాలగొట్టిన కాడ నువ్వే పూయాలె తమ్మీ.”

పూశాను. వెనక్కి జరగబోతూ బకెట్లో కాలు పెట్టి, పడకుండా గోడను పట్టుకున్నాను. సరిగ్గా అక్కడే. ఐదు వేళ్లూ స్పష్టంగా పడ్డాయి.

చెరపబోతుంటే మణెమ్మ ఆపి, వంగి చూసింది. “మా నాయినది గింత సన్నగ లేకుండె. గడ్డపార పట్టిన చెయ్యి. గిది ఎన్నడు పనిజేసినట్టు లేదు.”

ఇంత కచ్చితమైన పరిశోధన నేను ఎమ్మేలో కూడా చూడలేదు.

అయినా ఆ గుర్తును ఆమె చెరపనివ్వలేదు. నేను చరిత్ర రాయలేదు. జరిగింది తెలిసిన పాస్టరుగారు బదిలీ అయ్యారు. నిరుడు ఇంకెవరో పుస్తకం వేశారు. నిండు పేజీ ఫొటో, కింద: ‘ఈ గోడ కట్టిన ఎల్లయ్య చేతిగుర్తు. శ్రమజీవి వేళ్ల బిగువు గమనించగలరు.’

పుస్తకం పట్టుకుని మణెమ్మ దగ్గరికి పరుగెత్తాను.

“అమ్మా, ఇది తప్పు. రాసినాయనకు నిజం చెప్పేస్తాను.”

“మా నాయిన పేరున్నదా అండ్ల?”

“ఉంది.”

“ఏడ?”

చూపించాను. ఆ అక్షరాల మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది.

“అయితే ఊకో సారూ. చెయ్యి నీదైతేంది, పేరు మా నాయినదే గద.”

ఊరుకున్నాను. ఊరి పేరు చెప్పనిది అందుకే. ఆదివారాలు ఆమె మాత్రం ఆ గుర్తును తాకకుండానే లోపలికి వెళ్తోందట.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ చర్చికి వెళ్లినా నా చేతులు రెండూ జేబుల్లోనే ఉంటాయి. ప్రార్థనప్పుడు తీస్తాను, గోడకు దూరంగా నిలబడి.